అభ్యంతరం లేదు

మట్టెవాడ ఠాణాల నేను రైటర్ని.
నవ్వకుండ్రి, ఠాణాల గూడ రైటరుంటడు.
పీనుగు పక్కన గొంతుకూసోని
చెప్పుల సైజు, అంగి రంగు, జేబుల చిల్లర
ఒక్కటి ఇడవకుండ పంచనామాల ఎక్కించేటోడు.
ఆఖరుకు రాసేది మాత్రం ఒకటే మాట:
గుర్తు తెలియని వ్యక్తులు.
కొన్నిసార్లు ఊరంతా తెలిసినోళ్ళను గూడ
అట్లనే రాసిన.

అన్నారం దర్గాల మొక్కి పెట్టిన పేరు నాది, యాకయ్య.
కందగట్ల హైమవతిది మా బస్తే.
ఆజంజాహి మిల్లుల సాంచాలు నడిపిన ఓదెలు బిడ్డ.
మిల్లు సైరన్ ఇని బడికి ఉరికినోళ్ళం ఇద్దరం.
ఆమె రాయబారి అయింది.
పగలు దేశం పేరు మీద రాసేది,
రాత్రి మారుపేరు మీద హత్యలు రాసేది.

ఏ దేశం నుంచి ఫోన్ చేస్తున్నదో చెప్పకపోయేది.
వెనుక ఒకపారి మంచు మీద బండ్లు జారే చప్పుడు,
ఒకపారి ఏదో విందుల గ్లాసుల గలగల.
"యాకన్నా, వడ్డేపల్లి చెరువుల పడ్డ పీనుగు
ఎన్ని రోజులకు తేలుతది?"
"చలికాలమా, ఎండకాలమా మేడం?"
చెల్లె అసొంటిదే, గని ఫోన్ల మేడం అనే వచ్చేది, అలవాటు.
"ఎండకాలమే అన్నా.
ఇక్కడ చలికి చేతులు తిరుగుతలేవు,
కథలనన్న ఎండ కొట్టనీ."

"కాజీపేట గేటు పడితే ఎంతసేపు?"
"హంతకుడు స్కూటరా, నడకా?"
"నడకే."
"అయితే గేటుతోని పనేముంది,
కిందికెల్లి దూరిపోతడు."

ఒకసారి ఆమె నౌకరి సంగతి అడిగిన.
విచారం అంటే కోపం లేదన్నట్టట.
ఆందోళన అంటే కొంచెం ఉన్నట్టట.
తీవ్ర ఆందోళన అంటే మస్తున్నది గని
ఏం చెయ్యం అన్నట్టట.
"మా భాషల చచ్చినోళ్ళ లెక్కుంటదన్నా,
చంపినోని పేరుండది.
అందుకే రాత్రి కూసోని
ఆఖరి పేజీల పేరు చెప్పే పుస్తకాలు రాస్త."

పదకొండు నవలలు.
చౌరస్తా కాడ కిరాయి పుస్తకాల షాపుల
రోజుకు రూపాయి చొప్పున తెచ్చి
నైట్ డ్యూటీల చదివిన.
తప్పులు పట్టిన:
సీఐ ఎన్నడు గంత జల్ది రాడు,
పోలీసు కుక్క గంత తెలివిది కాదు.
ఆరో పుస్తకం కాడ ఒకటి తట్టింది.
వెనుకవి ఐదు మళ్ళ తిరిగేసిన.
ఎవరు చంపనీ, ఎందుకు చంపనీ,
ప్రతి కథల ఒక మూలకు
ఒక చిన్న మనిషి ఉంటడు.
గుమాస్తానో, డాక్టరో, బ్యాంకాయనో,
కాయితం చదవకుండ సంతకం పెట్టేటోడు.
హంతకుడు దొరుకుతడు.
సంతకం పెట్టినోడు ఇంటికి పోయి అన్నం తింటడు.

పెన్షనైనంక హన్మకొండకే వచ్చింది.
సుబేదారిల రెండు రూముల ఫ్లాటు.
ఇప్పని అట్టపెట్టె మీద చాయ్ పెట్టి
"ఒకటి రాయాలె. నువ్వు రాయన్నా, నేను చెప్త" అన్నది.

"గల్ఫుల నా మొదటి పోస్టింగు.
పిల్లగానికి ఇరవై మూడేండ్లు.
దవాఖాన కాయితంల గుండె ఆగింది, సహజ మరణం అని ఉన్నది.
పెట్టె ఇంటికి పోవాలంటే మేం ఒక ముక్క రాయాలె,
అభ్యంతరం లేదు అని.
ఆ రోజు అసొంటియి పద్నాలుగు.
పొద్దుమీకింది. రాసిన.
నెలకు వాని రూము దోస్తొకడు
కౌంటరు అవతల నిలబడి
'గుండె కాదు మేడం, జీతమడిగిండు' అన్నడు.
గంతే. డ్యూటీకి యాళ్ళయితున్నదని పోయిండు.
పదకొండు పుస్తకాలల్ల
వాన్ని రాయబోయి రాయబోయి
వేరేటోళ్ళను చంపిన."

తెల్లకాయితానికి మార్జిన్ మడత పెట్టిన.
తేదీ ఏసిన.
"ఫిర్యాదు ఎవరిది మేడం?"
"ముందు ఊరు రాయి."
కోడిమ్యాల అని రాసిన.

నా చేతిల పెన్ను గుంజుకున్నది.
"కొ కు దీర్ఘం లేదన్నా.
అప్పుడు గూడ ఊరి పేరు తప్పే పడ్డది.
వాన్ని పట్టుకొని పెట్టె
రెండు రోజులు వేరే ఊర్ల తిరిగింది."

దీర్ఘం కొట్టేసింది.
చాయ్ మీద మీగడ కట్టింది.
పెన్ను మాత్రం మళ్ళ నా చేతికియ్యలే.